గెలిచినవాడి భుజం

ఆ ఆదివారం మధ్యాహ్నంలోపు మా ఇంట్లో కావలసిన పనులు ఇవి: ఇంటి పక్కనున్న పాత కుస్తీల తాలీం గోడకున్న ఆంజనేయస్వామి పటం దించి ఇంట్లో పెట్టాలి. గదలు, సాము రాళ్లు కొట్టంలోకి మోయాలి. పైరేకులు విప్పించాలి. కరెంటు తీగ తీయించాలి. జేసీబీ ముందు కొట్టడానికి గుమ్మడికాయ తేవాలి. రుద్రారం హాస్టలు నుంచి వస్తున్న చెల్లెలు రవళిని బస్సు దగ్గర ఎక్కించుకు రావాలి. తాతను కుస్తీ పట్టే గోదాలోంచి లేపాలి.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. అందుకని ఏ పనైనా కాగితం మీద రాసి, అయినదానికి టిక్కు పెట్టే బాధ్యత ఇంట్లో నాకే పడింది. పదకొండు దాటేసరికి చివరిదానికి తప్ప అన్నిటికీ టిక్కు పడింది.

తాత లేవలేదు.

ఎర్రమట్టి నడుమ కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు చిన్నరాములు తాత. ఎనభై దాటిన మనిషి. రేకులు విప్పేయడంతో ఎండ నేరుగా నెత్తి మీద పడుతోంది. తువ్వాల కప్పుకోలేదు. పొద్దుటి చాయ్ కూడా ముట్టలేదు.

"నాయినా, లెవ్వు," అన్నాడు మా నాయిన పెంటయ్య, గోదా గట్టు మీద పార కట్టె పట్టుకొని నిలబడి. "మిషిన్ వచ్చి ఎంతసేపాయె. వాడు ఇంకోకాడికి పోవాలంటున్నడు."

"పోనీ."

"గిదేం పంతం? నువ్వే గదా ఒప్పుకున్నవు. రూములు లేస్తే కంపెనీలోల్లు కిరాయికి దిగుతరంటే సరే అన్నవు."

"ఇప్పుడు గూడ కాదంటలేను. ఒక్క పని జెయ్యి. లేస్త."

"ఏం పనో చెప్పవైతివి! నిన్నటి సంది ఒక్క పని, ఒక్క పని!"

తాత అరచేత్తో ముందున్న మట్టిని సదిరాడు.

ఆ సదరడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. రోజూ పొద్దున గోదా మట్టిని గుల్ల చేసి, పలక లాగా సదును చేస్తాడు. చాయ్ తాగి వచ్చేసరికి నడుమ రెండు గుంటలు పడి ఉంటాయి, పక్కపక్కనే, గుండ్రంగా. వాటి వెనక రెండు బొటనవేళ్ల గుర్తులు. ఎవరో మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చున్నట్టు. మట్టిలో తేమ ఆరితే అక్కడక్కడా కుంగుతుందని నేను తాతకు చెప్పాను. తాత విన్నాడు. మళ్లీ సదిరాడు.

జేసీబీ నడిపే శివశంకర్ గోడ మీద నుంచి తొంగి చూశాడు.

"జపానన్నా! ముసలాయనను బకెట్ల కూసోబెట్టుకొని దించన్నా? పెండ్లికొడుకు లెక్క మెత్తగ దించుత."

"నీ పని నువ్వు సూస్కో."

"నా పనే మీ నాయిన కింద ఉన్నదన్నా."

ఊళ్లో మా నాయినను ఉత్త పెంటయ్య అని పిలిచేవాళ్లు లేరు. జపాన్ పెంటయ్య. తాతకు తండ్రి బాలప్ప పహిల్వాన్ ఈ గోదాలోనే జపాను నుంచి వచ్చిన మల్లుణ్ణి చిత్తు చేశాడన్నది మా ఇంటి గొప్ప. నాయిన వార్డు మెంబరుగా నిలబడినప్పుడు కరపత్రం మీద మొదటి మాట అదే. నాకు సంబంధం చూడడానికి వచ్చినవాళ్లకు ఆయన చెప్పిన మొదటి మాట కూడా అదే. నా డిగ్రీ సంగతి తర్వాత వచ్చింది.

అమ్మ మొగులమ్మ చెంబుతో చల్ల తెచ్చి వాకిలి దగ్గరే ఆగిపోయింది.

"మామా, జెర చల్ల తాగు. కడుపు కాలవెట్టుకుంటే ఏమొస్తది?"

"లోపటికి తెచ్చియ్యి," అన్నాడు నాయిన.

"నేను రాను."

"నిన్నేం గోదాల దిగుమన్ననా? గట్టు కాడికి రా."

"గట్టు కాడికి గూడ రాను. మొన్న వచ్చినందుకే నా పానం జల్లుమంటుంది ఇంకా."

నాయిన నా వైపు చూసి నవ్వాడు. "సూడుర దశరథ్. మీ అమ్మకు బీపీ ఎక్కితే దయ్యాలొస్తయి."

"దయ్యమని నేనన్ననా?"

మంగళవారం అమ్మ పటం తుడుద్దామని తాలీంలోకి వెళ్లింది. గట్టు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి దేనికీ ఆనుకోకుండా నిటారుగా కూర్చొని ఉంది. చీర వెనక, వెన్ను నడుమ, జానెడు మేర ఎర్రమట్టి గుండ్రంగా అంటి ఉంది. పడినప్పుడు అంటిందిలే అన్నాను. కాని అమ్మ పడింది గచ్చు మీద.

"మీ ముత్తాతనే రా లేపింది," అని అమ్మ అప్పుడు అన్నది. మా ఇంట్లో పాత నమ్మకం అదే. ఈ ఇంట్లో తెలివి తప్పినవాళ్లను బాలప్ప లేపుతాడు.

రవళి భుజం మీది సంచి దించకుండానే అంతా వింటోంది. కాలేజీలో జూడో నేర్చుకుంటుంది. తాత ఆ ముచ్చట ఎన్నడూ అడగలేదు, మెచ్చుకోలేదు. ఆడపిల్లలు గోదా గట్టు దాటకూడదన్నది మా తాలీం కట్టుబాటు. రవళి ఇరవై ఏళ్లుగా వాకిలి నుంచే చూస్తోంది.

"అమ్మా," అన్నది. "ఎట్ల లేపినట్టయింది నీకు? జెర సరిగ్గ చెప్పు."

"ఇప్పుడెందుకు బిడ్డా అదంత."

"చెప్పు."

"సంకల కింద నుంచి రెండు చేతులు వచ్చినయి. ఎనుక నడుముకు ఏదో ఆనింది. గట్టిగ. ఒక్కసారి గుంజినట్లయింది. ఊపిరి వచ్చింది."

రవళి సంచి కింద పెట్టింది. నన్ను వాకిట్లో కూర్చోబెట్టి నా వెనక మోకాలి మీద నిలబడింది. చేతులు నా చంకల కింది నుంచి ముందుకు వచ్చాయి. ఆమె మోకాలు నా వెన్నుపూస మీద ఆనింది.

"గిట్లనా?"

అమ్మ చేతిలో చెంబు ఒరిగి చల్ల కొంత కారిపోయింది.

"గిట్లనే."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు నాయిన.

"మా సార్ చూపించిండు. గొంతు పట్టుల ఎవలకన్న తెలివి తప్పితే ఎనుకట జపానోల్లు గిట్ల లేపేటోల్లట. ఇప్పుడు గట్ల చెయ్యొద్దు, పండబెట్టి కాళ్లు పైకి లేపాలె అన్నడు. ఊకె తెలుసుకోను చూపించిండు." రవళి లేచి తాత వైపు చూసింది. "తాతా, మన కుస్తీల గొంతు పట్టు ఉంటదా?"

"ఉండదు."

"మరి బాలప్ప ముత్తాతకు ఇది ఎట్ల వచ్చు?"

బయట జేసీబీ ఇంజను ఊరికే గుడగుడమంటోంది.

"మా నాయినకు రాదు," అన్నాడు తాత.

"ఏందీ?" అన్నాడు నాయిన.

"మా నాయినకు రాదు. ఆయనకు వచ్చు."

"ఆయనంటే ఎవలు?"

తాత తలెత్తలేదు. మట్టితోనే చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ జపానాయన పొట్టిగనే ఉండెనట. చెవులు నలిగిపోయి గడ్డలు కట్టి ఉండెనట. ఇంగ్లాండుల, అమెరికల, ఇంకేడనో కాఫీ తోటలున్న దేశంల, అంతట తిరిగి టికెట్టు పెట్టిన కుస్తీలు పట్టిండు. ఎంబడి ఒక మేనేజరు. విద్య నేర్పిన వాళ్ల వస్తాదు ఈయన పేరు బడి పట్టీలకెల్లి కొట్టేసిండట. విద్యను పైసలకు ఆడుతున్నవని. ఇగ ఇంటికి పోయే మొకం లేక ఊరూరు తిరుగుడే. తిరిగి తిరిగి మన ఊరికి వచ్చిండు."

"అదంత ఎరుకనే. మా తాత గెల్సిండు."

"ఇను పెంటిగా. ఇద్దరు మందపు అంగీలు తొడుగాలని షరతు. మా నాయినకు అంగీతోని కుస్తీ ఏమెరుక? ఆయన గోదాల అడుగు పెట్టేముందు మట్టికి వంగి దండం పెట్టిండు. మన జనం నవ్విండ్రు. తర్వాత అంగీ మెడపట్టీ పట్టి గొంతుకు బిగిచ్చిండు. మా నాయిన కండ్లు తేలేసిండు. పడ్డడు."

నాయిన పార కట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పానం పోయిందనుకున్నరు అందరు. ఆయన పరేషాన్ కాలేదు. మా నాయినను లేపి కూసోబెట్టి, ఎనుకకు వచ్చి, నడుముకు మోకాలు పెట్టిండు. రవళి ఇప్పుడు జూపిచ్చినట్లే. మన ఊరోల్లకు ఏమనిపించింది? సచ్చినోన్ని గూడ ఇడుస్త లేడు, నడుం ఇరుగగొడుతుండని. గదలు ఎత్తుకున్నరు."

తాత అరచేయి మట్టి మీద ఆనించాడు.

"మా నాయిన కండ్లు తెరిచేసరికి సంకల కింద ఆయన చేతులు అట్లనే ఉన్నయట. ఎచ్చగ. పానం మాత్రం లేదు. మేనేజరు అప్పటికే పారిపోయిండు. పోలీసోల్లకు తెలుస్తదని పొద్దుగూకకముందే ఈ మట్టిల పెట్టిండ్రు. బయటోల్లు అడిగితే బాలప్ప గెల్సిండు, ఆయన ఎల్లిపోయిండు అన్నరు. మా నాయిన అవునన్నడు. సచ్చేటప్పుడు నాకు చెప్పిండు."

"అబద్ధం," అన్నాడు నాయిన మెల్లగా.

"ఒక్క పని అన్న గదా. గిదే. ఓడినోడు గెల్సినోని భుజం మీద మట్టి వెయ్యాలె. అది అయ్యేదాంక గెల్సినోడు గట్టు దాటొద్దు. మన తాలీం పద్ధతి నీకు నేను చెప్పాల్నా? ఆయన భుజం మీద ఎవలేసిండ్రు? అందుకే ఈడనే ఉన్నడు. మొదలువెట్టిన పని అయిపోలేదని, మన ఇంట్ల ఎవలు పడ్డా లేపుతున్నడు."

"నువ్వెయ్యి మరి!"

"ఎన్నిసార్లో వేసిన. నా చేతికి అయితలేదు. ఆ గెలుపు మీద బతికింది నేను కాదు. నువ్వు. నీ పేర్ల ఉన్నది అది. నువ్వెయ్యాలె."

నాయిన మొహం నల్లబడింది. నేను ఏదైనా అనాలి. పెద్ద కొడుకును, చదువుకున్నవాణ్ణి. "నాయినా, తాత చెప్పినట్టు..." అని మొదలుపెట్టాను.

"నువ్వు నడుమ రాకు! ఊరంత నన్ను జపానన్నా అంటది. రేపటి సంది ఏమనాలె? ఖూనీకోర్ల మనుమడనాల్నా? ఎండకు మతి చెడి ఏమో మాట్లాడుతుండు." గోడ వైపు తిరిగి అరిచాడు. "శంకర్! ఆ పక్క గోడ పడగొట్టు. దుమ్ము లేస్తే ఆయనే లేస్తడు."

"మనిషి లోపట ఉండంగనా అన్నా?"

"పక్క గోడ అంటున్న గదా! కొట్టు!"

జేసీబీ ముందుకు కదిలింది. పాత మట్టిగోడ ఒక మూల నుంచి జారి కూలింది. దుమ్ము గోదా మీద పొగలా కమ్మింది. అమ్మ దగ్గుతూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

దుమ్ము పలచబడేసరికి తాత తల గుండె మీదికి వాలి ఉంది.

"తాతా!"

రవళి గట్టు దాటింది. ఆడపిల్ల పాదం ఆ మట్టి మీద పడడం మా ఇంట్లో అదే మొదటిసారి. ఎవరూ కాదనలేదు, అనే తీరిక లేదు. తాత వెనక కూలబడి, చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. తాత పెదవులు నీలంగా ఉన్నాయి. ఆయన వీపు ఒక్కసారి విల్లులా ముందుకు వంగింది. ఎముక కదిలిన చప్పుడు గట్టు మీద ఉన్న నాకు వినిపించింది.

"ఇడువు!" నాయిన కేకవేస్తూ గోదాలోకి దూకాడు. "నడుం ఇరుగుతది! ఇడువు వాణ్ణి... ఆయనను ఇడువు!"

పార కట్టె రెండు చేతులా పైకెత్తి ఉంది. రవళి నెత్తికి నేరుగా.

నేను పరుగెత్తాను. నాకన్నా ముందు అమ్మ వెళ్లింది. గట్టు కాడికి కూడా రానన్న మనిషి గోదాలోకి దిగి, నాయిన వెనక నుంచి ఆ కట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"ఆగు. నాకు జేసినట్లే జేస్తుండు."

చేస్తుండు అన్నది. చేస్తుంది అనలేదు. అప్పుడది ఎవరూ పట్టించుకోలేదు.

తాతకు ఊపిరి వచ్చింది. గొంతులో గురక పెట్టినట్టు ఒక శబ్దం, తర్వాత దగ్గు, తర్వాత మామూలు శ్వాస. కళ్లు తెరిచాడు.

నాయిన తన చేతుల్లోని కట్టె వైపు చూశాడు. దాని కింద కూర్చున్న కూతురి వైపు చూశాడు. అమ్మ వదిలేసినా ఆయన చేతులు చాలాసేపు కిందికి దిగలేదు. దిగిన తర్వాత కట్టెను గట్టు అవతలికి విసిరేశాడు.

శివశంకర్ ఇంజను బంద్ చేశాడు. ఆ నిశ్శబ్దంలో హైవే మీది లారీల చప్పుడు దగ్గరగా వినిపించింది.

"ఎవలు పట్టుకున్నరు నన్ను?" అన్నాడు తాత.

"నేనే తాతా," అన్నది రవళి.

"నీ చేతులు సన్నగుంటయి బిడ్డా. గవి మొద్దు చేతులు."

రవళి నా వైపు చూసింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టు ఉంది. "అన్నా," అన్నది గొంతు తగ్గించి. "నేను పండబెడ్దామని పట్టుకున్న. సార్ చెప్పినట్టు కాళ్లు లేపుదామని. అంతే."

"మరి మోకాలు..."

"నేను పెట్టలే. సూడు, నేను కాళ్లు చాపి చట్టల మీద కూసున్న."

నిజమే. ఆమె రెండు కాళ్లూ పక్కకు చాపి ఉన్నాయి. తాత చొక్కా వెనక, వెన్ను నడుమ, గుండ్రంగా ఎర్రమట్టి.

ల్యాబులో నాకు నేర్పింది ఒకటే, కంటికి కనబడింది రాసుకో, అర్థం తర్వాత. అందుకే కనబడింది రాస్తున్నాను.

నాయిన చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు. వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. మట్టి వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెం రాలుతోంది.

"యాడ వెయ్యాలె?" అని అడిగాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"నా ఎనుక," అన్నాడు తాత. "రవళీ, నువ్వు జెర జరుగు బిడ్డా."

రవళి జరిగింది. తాత వెనక ఎవరూ లేరు. మధ్యాహ్నపు ఎండ, చదునుగా మట్టి.

"ఏమనాలె?"

"ఏమనేది లేదు. ఓడినమని నీకు తెలిస్తే చాలు."

నాయిన నిలబడ్డాడు. ఊరంతా పిలిచే పేరు, కరపత్రం మీది మాట, అన్నీ ఆ గుప్పిట్లోనే ఉన్నట్టు బిగించి పట్టుకున్నాడు. ఆయన దవడ కదులుతోంది. వేస్తాడనీ అనుకోలేదు, వేయడనీ అనుకోలేదు నేను.

"మేం ఓడినం," అన్నాడు. గుప్పిలి విప్పాడు.

మట్టి నేల మీద పడలేదు. కూర్చున్న మనిషి భుజం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, ఒక రెప్పపాటు, ఆగింది. తర్వాత అటు కొంత ఇటు కొంత జారి కిందికి రాలింది.

అమ్మ చేతులు జోడించింది. శివశంకర్ మిషన్ మీద నుంచి దిగి, తాళం జేబులో వేసుకొని, మాకు ఏమీ చెప్పకుండా రోడ్డు వైపు నడిచాడు.

"అయిపోయింది," అన్నాడు తాత. లేవడానికి నా చేయి అందుకున్నాడు. "ఇగ తవ్వుకోవచ్చు. మిషిన్‌తోని కాదు, చేతులతోని. మెల్లగ."

"తవ్వి?" అన్నాడు నాయిన. "తవ్వి ఆయనను యాడికి తోల్కపోవాలె నాయినా? మన కాటిల పెట్టనిస్తరా? చర్చి దొడ్డిల అడుగుదునా, మసీదోల్లను అడుగుదునా? ఎవలడిగినా ముందుగాల పేరడుగుతరు. ఆయన పేరేంది?"

తాత గట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"చెప్పిండట. కుస్తీకి ముందుగాల చెయ్యి కలిపి, గుండె మీద చెయ్యి పెట్టుకొని చెప్పిండట. మా నాయిన ఇన్నడు. యాది పెట్టుకోలేదు."

నాయిన తాత మొహం చూశాడు. నేను నాయిన మొహం చూశాను.

ఇది చదువుతున్న మీకు నాదొక విన్నపం. ఆయన పేరు నేను మీకు ఇవ్వలేను. వాళ్ల వస్తాదు కొట్టేశాడు, మా ముత్తాత మరిచిపోయాడు, మా ఊరు అబద్ధం కింద పెట్టింది. పేరు లేని మనిషిని తలచుకోవడం కష్టమని నాకూ తెలుసు. అయినా ఎన్నో సముద్రాలు దాటి వచ్చి, పడ్డవాణ్ణి లేపుతూ ఉండగా మా చేతుల్లో పోయినవాడు ఒకడున్నాడని, దయచేసి యాది పెట్టుకోండి.